మూడో జత

మార్చి 3, ఆదివారం

నాన్నకి బూట్లు కొందామని వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. అయినా గెలిచింది నేనే.

డాక్టర్ చీటీ మీద కింద రెండు గీతలు గీసి మరీ రాశాడు. ముందు భాగం వెడల్పుగా, లోపల మెత్తగా ఉండే బూట్లు. రోజూ అరగంట నడక. షుగర్ వల్ల నాన్న పాదాలకి స్పర్శ పోయింది. గుచ్చుకున్నా తెలియదు, ఒరుసుకున్నా తెలియదు. "ఈ పాత చెప్పులు ఇక మానెయ్యండి పెద్దాయనా. చిన్న పుండు పడితే చాలు, వేలి మీదికి వస్తుంది" అన్నాడు. ఆ చెప్పుల పట్టీకి నాన్న తన చేత్తోనే రెండుసార్లు కుట్టు వేసుకున్నాడు. వాటిని వదలమంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చినట్టే.

షాపులో ఒక సేల్స్ అమ్మాయి మమ్మల్ని పట్టుకుంది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్ఫై అయిదు దాటే ఉంటాయి. తలుపు తోసిన దగ్గర్నుంచి వదిలితే ఒట్టు. "రండి సార్, కూర్చోండి సార్. మేడమ్, మీరూ కూర్చోండి, మీక్కూడా చూపిస్తాను." నాకెందుకమ్మా అంటే, "చూస్తే పోయేదేముంది మేడమ్" అంది. పోయేదేమిటో నాకు బాగా తెలుసు. నీళ్ళు రావట్లేదని ఊళ్ళో జనమంతా వచ్చి తిట్టిపోసే ఫిర్యాదుల కౌంటర్లో పద్ధెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నదాన్ని. నా దగ్గరా ఈ వేషాలు!

మొదట షాపులోకెల్లా ఖరీదైన జత తెచ్చింది. నాన్న వద్దన్నాడు. తర్వాత చూడగానే తల తిప్పేసుకునే పసుపుపచ్చ జత ఒకటి. ఈలోగా నాన్న చెప్పుల్ని మెల్లగా, ఎవరూ చూడట్లేదనుకుని, తన స్టూలు కిందికి తోసేసింది. ఆ తర్వాత కుడికాలికి ఒక రకం, ఎడమకాలికి ఒక రకం పెట్టి, "ఏది బాగుంది సార్?" అని అడిగింది. కొంటారా కొనరా అని అడిగితే కదా, కొనం అని చెప్పడానికి! మధ్యమధ్యలో సాక్సులు, పాలిష్ డబ్బా, వాసన రాకుండా కొట్టుకునే స్ప్రే, మెంబర్‌షిప్ కార్డు. నాన్న అన్నిటికీ తలూపుతూ కూర్చున్నాడు, బళ్ళో మొదటిరోజు పిల్లాడిలాగా. ఆ అమ్మాయి కాలు పట్టుకోబోతే మాత్రం, "నేను తొడుక్కుంటాలేమ్మా" అని వెనక్కి లాక్కున్నాడు.

నేనెవరి కూతుర్ని? ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా పనిచేసిన మనిషి కూతుర్ని. ఆ అమ్మాయి వేస్తున్న ఎత్తులన్నీ నాకు కంఠతా వచ్చు.

"ఇంకొక్క జత ఉంది సార్, ఒక్క నిమిషం" అని లోపలికెళ్ళింది. ఒక్క నిమిషం అంటే పది నిమిషాలు. నా ఓపిక అయిపోయింది. మేనేజర్ని పిలిచి నాలుగు మాటలన్నాను. ఆ అమ్మాయి చేతిలో ఇంకో డబ్బాతో బయటికి వచ్చేసరికి నేను స్టూలు కిందనుంచి చెప్పులు లాగి నాన్న ముందు పెట్టేశాను. మేనేజర్ సారీ చెప్పాడు. పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ నావైపు మెచ్చుకోలుగా తలూపింది కూడా.

నాన్న రెండు బూట్లూ విప్పి, లోపల కాగితపు ఉండలు మళ్ళీ కూరి, డబ్బాల్లో ఎలా ఉండాలో అలా సర్ది మూతలు పెట్టాడు. నీకెందుకు నాన్నా, వాళ్ళు చూసుకుంటారుగా అన్నా వినలేదు.

బస్సులో ఒక్కటే మాటన్నాడు. "ఆ అమ్మాయి కుడి మోకాలి మీద కూర్చుంటోంది. పాపం, ఎవరూ నేర్పలేదనుకుంటా."

అంత గొడవలో ఈయన చూసింది ఇదా!

మార్చి 4, సోమవారం

"నిన్న యుద్ధం ఎలా జరిగిందోయ్?" అన్నాడు మా ఆయన భోజనాల దగ్గర. అంతా చెప్పాను, ఆ అమ్మాయి గొంతు అనుకరిస్తూ. కడుపుబ్బ నవ్వాడు. "మామయ్యా, మీ అమ్మాయిని మీ షాపులో పెట్టుకుని ఉంటే నెల తిరక్కుండా మూతపడేది" అన్నాడు.

నాన్న కంచం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. నిద్రొస్తోందన్నాడు. ఏడున్నరకే!

మార్చి 6, బుధవారం

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లో లేడు. చీకటి పడుతుండగా వచ్చాడు. జుట్టు కత్తిరించుకుందామని మూడింటికే వెళ్ళాడట. జుట్టు చూస్తే ఎలా ఉన్నది అలాగే ఉంది. అదేమిటంటే, "మూసేసి ఉందమ్మా" అన్నాడు. మూసేసిన షాపు ముందు మూడు గంటలు నిలబడ్డాడా? అడగబోయి ఊరుకున్నాను. ఈమధ్య ఏమడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాడు.

మార్చి 9, శనివారం

నేను తప్పేం మాట్లాడలేదు.

మోసం అన్నమాట వాస్తవమే. కానీ ఎవర్నన్నాను? ఆ అమ్మాయినన్నాను. ఆయన్నన్నానా? ఆయన మీద ప్రేమ లేకపోతే నాకేం పట్టింది, ఆదివారం పూట కాళ్ళు చాపుకుని పడుకోక? ఆయన తలూపుతూ పోతే బూట్లతోపాటు షాపు మొత్తం ఇంటికొచ్చేది.

బూట్లు కావాలంటే ఆయనే అడగొచ్చుగా. "రేపు వెళ్దామా అమ్మా" అంటే నేను కాదంటానా? అడిగితే తీసుకెళ్తాను. అడగనివ్వు.

మార్చి 10, ఆదివారం

ఇవాళ తీరిగ్గా ఉన్నాం. అయినా అడగలేదు. సాయంత్రం ఆ పాత చెప్పులేసుకుని, సాక్సులు తొడుక్కుని మరీ, నడకకి వెళ్ళొచ్చాడు. డాక్టర్ చెప్పినట్టు అరగంట. గడియారం చూసుకుని వెళ్ళి, గడియారం చూసుకుని వచ్చాడు.

ఆయన తలుపు దగ్గర వంగి పట్టీ పెట్టుకుంటుంటే ఎడమ మోకాలు కనిపించింది. అక్కడ నల్లగా కాయ కాసి ఉంటుంది, ఇప్పటికీ. చిన్నప్పుడు నేను దాన్ని బిళ్ళ అనేదాన్ని. "నాన్నా, బిళ్ళ ఒక్క కాలికే ఎందుకుంది?" అని అడిగితే భోజనం మధ్యలో లేచి కూర్చుని చూపించేవాడు. "ఎడమ మోకాలు నేలమీద పెట్టాలి. అప్పుడు కుడి తొడ ముందుకొస్తుంది, కస్టమర్ కాలు దానిమీద ఆనుతుంది. తిరగేసి కూర్చున్నావనుకో, తూలి కస్టమర్ ఒళ్ళో పడతావు. అప్పుడు బూట్లు అమ్మేదెవరు, తన్నులు తినేదెవరు?" అమ్మ నవ్వలేక చేతిలో గరిటె పక్కన పెట్టేసేది.

రోజూ ఒక కథ చెప్పేవాడు. ఎవరొచ్చారు, ఎవరు బేరమాడారు, ఎవరి సాక్సుకి చిల్లుంటే చూడనట్టు నటించాడు. చెప్పులు స్టూలు కిందికి తోసెయ్యడం ఆయన చెప్పిందే. "చెప్పులు కనపడితే మనిషి లేచిపోతాడమ్మా. కనపడకపోతే ఇంకో అయిదు నిమిషాలు కూర్చుంటాడు. ఆ అయిదు నిమిషాల్లో వాడి కాలేమిటో నాకు తెలుస్తుంది." మొదటి జత ఖరీదైనది, రెండోది నచ్చనిది, అసలుది మూడోది. "మూడోది వెతకడానికి టైం కావాలి కదా. మొదటి రెండూ అందుకే."

ఆదివారాలు షాపు ఆట ఆడేవాళ్ళం. నేను మంచం మీద కాలుమీద కాలేసుకుని కస్టమర్ని. ఆయన కింద. "మేడమ్‌గారికి ఏ సైజు?" ముందు తన చెప్పులు తెచ్చేవాడు, నా రెండు కాళ్ళూ ఒక్కదాంట్లో పట్టేవి. తర్వాత అమ్మవి. "ఛీ, ఇవేం చెప్పులు! మూడో జత చూపించు" అనేదాన్ని. ఒకసారి, నాకు ఏడో ఏడు, మూడో జత నిజంగానే వచ్చింది. ఎర్ర బూట్లు. నా కాలు ఎప్పుడు కొలుచుకున్నాడో.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను? రేపు ఆఫీసుంది.

మార్చి 14, గురువారం

ఈరోజు కూడా అడగలేదు. నేనూ అడగలేదు.

మార్చి 17, ఆదివారం

సరే, రాస్తాను. ఎవరు చూడొచ్చారు గనక.

మేనేజర్తో నేనన్నది మోసం ఒక్కటే కాదు. వేళ్ళు ముడుస్తూ ఒక్కొక్కటీ చెప్పాను. చెప్పులు దాచడం ఒకటి. రెండు కాళ్ళకీ రెండు రకాలు తొడగడం రెండు. నచ్చనిది ముందు చూపించి మూడోది అంటగట్టడం మూడు. "ఇవన్నీ మాకు తెలుసండీ, ముసలివాళ్ళు కనపడితే చాలు మీకు" అన్నాను. అందరూ వింటున్నారని తెలుసు. తెలిసే గొంతు పెంచాను. తిట్టేవాళ్ళు ఎలా తిడితే పనవుతుందో కౌంటర్ ఇవతల కూర్చుని నేర్చుకున్నదాన్నిగా.

చివర్లో అన్నాను. "కాళ్ళు పట్టుకుని జేబులు కొట్టే బతుకు."

నాన్న నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి నల్ల బూటు, ఒక కాలికి గోధుమరంగు బూటు.

నాకు ఇవన్నీ ఎలా తెలుసని మేనేజర్ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని? మా నాన్న అన్నం తింటూ నవ్వుతూ నేర్పాడని చెప్పేదాన్నా?

రేపు అడుగుతాను. రేపు తప్పకుండా.

మార్చి 18, సోమవారం

పైపు పగిలింది ఎక్కడో. కౌంటర్ ముందు వంద మంది. ఇల్లు చేరేసరికి నాన్న నిద్రపోయాడు.

మార్చి 22, శుక్రవారం

నాకు నోరు రావట్లేదని మా ఆయన చేత అడిగించాను. "మామయ్యా, ఫోన్లో ఆర్డర్ పెట్టేస్తాను, రేపటికల్లా బూట్లు గుమ్మంలో ఉంటాయి" అన్నాడు ఆయన.

"కాలు చూడకుండా బూటు ఎలా ఇస్తారయ్యా?" అన్నాడు నాన్న. చాలా రోజులకి ఆ గొంతులో కాస్త వేడి వినపడింది. "నా కాళ్ళు రెండూ ఒకటి కాదు. తొందరేముంది? అమ్మాయికి వీలైనప్పుడు వెళ్తాంలే."

అమ్మాయికి వీలైనప్పుడు. నేను వంటింట్లోంచి విన్నాను. దెప్పుతున్నాడనుకున్నాను. నాకూ ఒళ్ళు మండింది. గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను.

మార్చి 27, బుధవారం

బట్టలు నానబెడుతుంటే నాన్న ఎడమ సాక్సు చివర అట్టకట్టి ఉంది. టీ మరక అనుకున్నాను. వాసన చూశాను.

"ఏం లేదమ్మా, నొప్పేం లేదు" అంటున్నాడు, నేను సాక్సు లాగుతుంటే. నొప్పి ఎలా ఉంటుంది! చిటికెన వేలు నల్లబడిపోయింది. ఆయన కుట్టు వేసుకున్న పట్టీ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటోంది. రోజూ అరగంట. గడియారం చూసుకుని.

ఆసుపత్రిలో అదే డాక్టర్. నన్నేమీ అనలేదు. "బూట్లు కొనలేదా?" అని మాత్రం అడిగాడు. నాన్నే జవాబు చెప్పాడు. "నాదే తప్పండీ, బద్ధకించాను."

ఏప్రిల్ 1, సోమవారం

వేలు తీసేశారు.

ఏప్రిల్ 5, శుక్రవారం

సెలవు పెట్టి షాపుకెళ్ళాను. ఆ అమ్మాయి హాల్లో లేదు. అడిగితే, వెనక గోడౌన్‌లో డబ్బాలు సర్దే పనిలో వేశారన్నారు. ఎప్పట్నుంచి అని నేను అడగలేదు. కాసేపటికి జుట్టునిండా దుమ్ముతో వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరు... ఆ రోజు..."

"ఔను. నేనే."

"సార్ రాలేదా మేడమ్? బాగున్నారా?"

దారంతా క్షమాపణ వల్లె వేసుకుంటూ వెళ్ళాను. నోట్లోంచి వేరే వచ్చింది. "ఆ రోజు మీరు చివర్లో ఒక జత తెచ్చారు. అది కావాలి."

"అది సార్ కోసం పక్కన పెట్టే ఉంచానుగా. సార్ మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

ఆవిడ నావంక వింతగా చూసింది. "ఆ వారంలోనే, బుధవారం వచ్చారు కదండీ సార్. ఒక్కరే, నడుచుకుంటూ. మేనేజర్ గారి దగ్గరికెళ్ళి, 'మా అమ్మాయికి పని ఎక్కువ, అలిసిపోయి ఉంది, మనసులో పెట్టుకోకండి. ఈ అమ్మాయి సరిగ్గానే చూపించింది. నేనూ ఇదే పని చేసినవాణ్ణి' అన్నారు. నాకు మోకాలు ఎలా వెయ్యాలో కూడా చూపించారు, ఇక్కడే, కింద కూర్చుని. నేను వద్దు సార్ అంటున్నా వినలేదు."

జుట్టు కత్తిరించుకుందామని వెళ్ళిన రోజు.

"మరి బూట్లు?"

"తొడుక్కుని చూసుకున్నారు మేడమ్. అతికినట్టు సరిపోయాయి. సార్ ఎడమకాలు అర సైజు పెద్దది, మొన్న తొడుక్కున్నప్పుడే గమనించాను. ఆ రోజు అందుకే లేటయింది నాకు, రెండు డబ్బాలు విప్పి ఒక జత చేసేసరికి. ముందు వెడల్పుది, లోపల మెత్తది, మా దగ్గర అదొక్కటే. రేటు కూడా ఎక్కువేం కాదు. తీసుకెళ్ళండి సార్ అన్నాను. వద్దన్నారు."

"ఎందుకు?"

"'మా అమ్మాయి కొనిస్తానంది. నేనే కొనేసుకుంటే చిన్నబుచ్చుకుంటుంది. తనతో కలిసి వస్తాను, ఒక వారం ఆగు' అన్నారు."

కౌంటర్ కిందనుంచి డబ్బా తీసింది. మూత మీద చిన్న కాగితం అంటించి ఉంది. "ఎడమ అర సైజు. సార్, కూతురితో వస్తారు." ఆ అక్షరాలు ఎన్నిసార్లు చదివానో తెలియదు.

నన్ను క్షమించండి అన్నాను. గొంతు దాటి బయటికొచ్చిందో లేదో. ఎందుకంటే ఆవిడ, "సాక్సులు కూడా తీసుకోండి మేడమ్" అంది. అక్కడ ఏడవాల్సినదాన్ని, నవ్వొచ్చేసింది.

"లోపల కుట్టు ఉండదు వీటికి. షుగర్ కాళ్ళకి ఇవే మంచివి. ఆ రోజు కూడా చూపించాను, మీరు..." అని ఆగిపోయింది.

"మూడు జతలివ్వండి" అన్నాను.

"సార్‌ని ఒకసారి తీసుకురండి. ఎడమది తొడిగి చూస్తాను."

తీసుకొస్తానన్నాను. వేలి సంగతి చెప్పలేకపోయాను. మేనేజర్ దగ్గరికి మాత్రం వెళ్ళాను. తప్పు నాదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. చదివి, సొరుగులో పెట్టుకుని, చూస్తానన్నాడు. నా కౌంటర్లో నేను రోజూ ఎంతమందికి చూస్తానని చెబుతానో.

ఏప్రిల్ 6, శనివారం

డబ్బా నాన్న ఒళ్ళో పెట్టాను. మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు, ఎడమకాలు దిండు మీద. మూత మీది కాగితం చూశాడు, నన్ను చూశాడు. బూటు బయటికి తీసి బొటనవేలితో అడుగు నొక్కి, లోపల చెయ్యి పెట్టి కుట్టంతా తడిమాడు.

"మంచి జత. చూశావా, ఎవరూ చెప్పకుండానే అర సైజు పట్టేసింది. మా షాపులో కూడా అందరికీ తెలిసేది కాదు."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడుగుతావని చూశాను."

"నువ్వు అడుగుతావని నేను చూశాను."

"సరిపోయింది. ఇద్దరం కస్టమర్లమే అయ్యాం" అని నవ్వాడు. నవ్వి, దిండు మీది కట్టు వైపు చూసుకున్నాడు. "ఇప్పుడు అర సైజు అక్కర్లేదేమోనమ్మా."

నాకు నవ్వు రాలేదు. "ఆ రోజు నేనన్నమాట..." అని మొదలుపెట్టాను.

ఏ మాట అని అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు. కాగితపు ఉండని బూటులోపల మళ్ళీ సర్దుతూ, నావైపు చూడకుండా అన్నాడు.

"కాళ్ళు పట్టుకున్నమాట నిజమే. జేబులు మాత్రం ఎప్పుడూ కొట్టలేదమ్మా."

మే 12, ఆదివారం

ఇవాళ్టి నుంచి నడవొచ్చన్నాడు డాక్టర్.

వేలు లేనిచోట దూది పెట్టాలి. ఎంత పెట్టాలో నాన్నే చెప్పాడు, మంచం మీంచి. ఎక్కువ పెట్టకు, ఒత్తుకుంటుంది. తక్కువ పెడితే కాలు జారుతుంది. నాలుగుసార్లు తీయించి పెట్టించాడు. కుట్టులేని సాక్సు తొడిగి, బూటు పట్టుకుని కింద కూర్చోబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు. "నేను తొడుక్కుంటాలే."

"మేడమ్‌గారికి నువ్వు తొడగలేదూ?" అన్నాను.

కాలు కొంచెం ముందుకి పెట్టాడు.

నేను కూర్చున్నాను.

"అది కాదు" అన్నాడు. "ఎడమ మోకాలు వెయ్యి. తూలి నా ఒళ్ళో పడతావు."

మోకాలు మార్చుకుని, ఆయన కాలు తొడ మీద పెట్టుకుని తొడిగాను. లేసు కట్టాను. వదులు చెయ్యమన్నాడు, చేశాను. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం, ఆయన చెయ్యి నా భుజం మీద. పదకొండు నిమిషాలు పట్టింది. అక్కడికే అలిసిపోయాడు.

నేను కింద కూర్చున్నది రెండు నిమిషాలేనేమో. ఎడమ మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది.